చెయ్యి తిరిగిన ఆసుపత్రి

వెయ్యిమందిని చంపితేగాని అరవైద్యుడు కాడని మన పల్లెల్లో ఒక మోటు సామెత వుంది. డాక్టర్లు వింటే నొచ్చుకుంటారు. తమిళులు ఇదే సామెతకు పాఠం దిద్దుతారు: లెక్క వెయ్యిమందిది కాదట, వెయ్యి వేళ్ళదట. అంటే వెయ్యి మూలికల వేళ్ళు ఎరిగినవాడు అరవైద్యుడని అర్థం. మందిని తీసుకున్నా, వేళ్ళను తీసుకున్నా ఆ వెయ్యి మాత్రం అలాగే వుంది. రెండు నెలలుగా ఆ వెయ్యి నన్ను పట్టుకుని వదలటం లేదు. కారణం మా పెద్దమ్మ కొడుకు.

అన్నయ్యది టెక్కలి దగ్గర పల్లె. అరవై దాటినా అరెకరం మడి ఒక్కడే నాటు వేయించి, ఊడ్పు వేళకు అందరికంటే ముందు గట్టుమీద వుండే మనిషి. వేసవిలో కళ్ళు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లే కదా అని మూడు వారాలు పసరు మందు పోయించారు. పసుపు తగ్గకపోగా ఒళ్ళంతా దురద పట్టింది, మనిషి సగమయ్యాడు. అప్పుడు శ్రీకాకుళం తీసుకువెళ్ళి స్కానింగు తీయిస్తే, క్లోమం తలలో చిన్న గడ్డ వుందని తేలింది. కోసి తియ్యడమే మార్గమన్నారు.

క్లోమమంటే పొట్ట వెనక, వెన్నుకు ఆనుకుని పడుకున్న గ్రంథి. లివరులో తయారైన పైత్యరసం పేగులోకి దిగే గొట్టం దాని తల గుండానే పోతుంది. తలలో గడ్డ లేస్తే గొట్టం నొక్కుకుపోయి, పైత్యం వెనక్కి తన్ని నెత్తుట్లో కలుస్తుంది. అన్నయ్య కళ్ళు పచ్చబడింది అందుకు. దానికి చేసే ఆపరేషనుకు అమెరికా సర్జను విపుల్ పేరు పెట్టారు. ఆయన 1935లో దాన్ని లోకానికి చెప్పాడు. క్లోమం తల, దాన్ని చుట్టుకున్న చిన్నపేగు మొదటి ముక్క, పైత్యకోశం, పైత్యనాళంలో కొంత, ఒక్కొక్కప్పుడు జీర్ణాశయంలో కొంత, ఇవన్నీ కోసి తీసేస్తారు. అదొక ఎత్తు. మిగిలిన మూడు కొసలను తిరిగి పేగుకు కుట్టి అతకడం ఇంకొక ఎత్తు. అందులోనూ క్లోమానికి వేసే కుట్టు వెన్నముద్దకు వేసినట్టుంటుందట. ఆ రసం మాంసాన్ని అరిగించే రసం. కుట్టు కాస్త కారిందా, మనం తిన్నది అరిగించవలసిన రసం మన రక్తనాళాలనే అరిగించడం మొదలుపెడుతుంది.

ఈ సంగతులన్నీ నాకు ముందే తెలుసునని అనుకోకండి. అన్నయ్య ఇంటి అరుగుమీద పంచాయతీ జరిగిన రాత్రి నాకు తెలిసింది చాలా తక్కువ. అక్కడ మూడు పక్షాలు తేలాయి. వదినా, కూతురూ ఒక పక్షం: చేయిస్తే మన టౌనులోనే చేయించాలి, ఇంటినుంచి కేరియరు పంపవచ్చు, రాత్రి పడుకోవడానికి మనుషులుంటారు. కొడుకుది రెండో పక్షం: విశాఖపట్నం. అల్లుడు తెలివైనవాడు, మధ్యేమార్గం కనిపెట్టాడు. విశాఖనుంచి పెద్ద సర్జన్ని ఆదివారం కారులో రప్పించి, మన టౌను నర్సింగు హోములోనే చేయిద్దామన్నాడు. చెయ్యి అక్కడిది, మంచం ఇక్కడిది! అరుగుమీద అందరి ముఖాలూ వికసించాయి.

"ఏటి తమ్ముడూ, నువ్వు పేపర్లో రాస్తావు కదా, నువ్వే సెప్పు," అన్నాడు అన్నయ్య. "కోసేది ఒక డాక్టరే కదా, ఇక్కడైతే ఏటి, అక్కడైతే ఏటి?"

పేపర్లో రాసేవాడికి అన్నీ తెలుసునని మా వైపు ఒక భ్రమ. రెండు రోజులు గడువడిగి ఇంటికొచ్చాను. ఆ రెండు రోజుల్లో చదివిందే ఈ వారం మీకు చెబుతున్నాను.

ఎక్కువసార్లు చేసిన చోట తక్కువమంది పోతారనే మాట పాతదే గాని, దానికి పెద్ద ఎత్తున లెక్కలు కట్టింది 1979లో. అమెరికాలో లుఫ్ట్, బంకర్, ఎన్‌థోవెన్ అనే ముగ్గురు 1498 ఆసుపత్రుల్లో 12 రకాల ఆపరేషన్ల కాగితాలు తిరగేశారు. గుండె కోసి చేసేవీ, పెద్ద రక్తనాళాలవీ వంటి ఆపరేషన్లు ఏడాదికి 200, ఆపైన చేసే ఆసుపత్రుల్లో చావులు, రోగుల తేడాలు సర్దుబాటు చేశాక కూడా, తక్కిన చోట్లకంటే నూటికి 25నుంచి 41 వంతులు తక్కువగా కనబడ్డాయి. తరువాత 2002లో బర్క్‌మయరు బృందం, అరవైఅయిదు దాటినవారికి అమెరికా ప్రభుత్వమిచ్చే మెడికేర్ వైద్యం లెక్కల్లోంచి 25 లక్షల ఆపరేషన్లు తీసి చూసింది. అందులో మా అన్నయ్య ఆపరేషనూ వుంది. ఏడాదికి ఒక్కటైనా సరిగా చెయ్యని ఆసుపత్రుల్లో క్లోమం కోయించుకున్నవారిలో నూటికి 16 మందికి పైగా పోయారు. ఏడాదికి 16కు మించి చేసిన చోట నూటికి నలుగురికి లోపు.

పదహారుకూ నాలుగుకూ నడుమ పన్నెండు మంది వున్నారు. నూరు గడపల పల్లెలో పన్నెండు గడపలు ఎన్నో లెక్కపెట్టి చూసుకోండి.

అలాగని అన్ని ఆపరేషన్లకూ ఇంత తేడా లేదు. అదే లెక్కల్లో మెడ రక్తనాళం శుభ్రం చేసే ఆపరేషనుకు తక్కువ చేసే చోట 1.7, ఎక్కువ చేసే చోట 1.5. ఆ రెండు పైసల తేడాకు ఎవరూ బిడ్డాపాపల్ని వదిలి వెళ్ళనక్కర్లేదు. 1979 లెక్కల్లోనూ తుంటికీలు మార్చే ఆపరేషను ఏడాదికి 50నుంచి 100 దాకా చేసే చోటికీ, 200 చేసే చోటికీ దాదాపు తేడా లేదు. కొన్నింటికి అసలు సంబంధమే కనబడలేదు. హెర్నియాకీ, అపెండిసైటిసుకీ, కాన్పు ఆపరేషనుకీ పొరుగు జిల్లాకు పరుగెత్తేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. పేగు మెలిపడితేనో, అపెండిక్సు పగిలితేనో దారిలో పోయే రెండు గంటలే ప్రాణం తీస్తాయి. అలాంటప్పుడు దగ్గరున్న ఆసుపత్రే పెద్దాసుపత్రి.

అన్నయ్య ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. కోసేది ఒక డాక్టరే కదా?

అల్లుడి మధ్యేమార్గం సంగతి కూడా ఇందులోనే తేలుతుంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో కొందరు గుండె సర్జన్లు ఒకే ఏడాదిలో రెండు మూడు ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేస్తుంటారు. హక్‌మన్, పిసానో అనే ఇద్దరు 2006లో అచ్చువేసిన పరిశీలనలో వీళ్ళను వెంబడించారు. ఒక ఆసుపత్రిలో సర్జను ఎక్కువ కేసులు చేసిన కొద్దీ ఆ ఆసుపత్రిలో ఆయన రోగులు బాగా బతికారు. అదే సర్జను మరో ఆసుపత్రికి వెళితే, ఇక్కడ గడించిన అలవాటు అక్కడ పెద్దగా అక్కరకు రాలేదు. చెయ్యి అదే, కత్తీ అలాంటిదే. మారింది చుట్టూ వున్న మనుషులు.

ఇది చదవగానే నాకు పొందూరు గుర్తొచ్చింది. పొందూరు ఖద్దరు కట్టినవాళ్ళు నేతగాణ్ణి మెచ్చుకుంటారు. కాని అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసే ఆడవాళ్ళున్నారు. ఏకేవాళ్ళున్నారు. ఆ సన్ననూలు వడికే ముసలమ్మలున్నారు. ఆ నేతగాణ్ణి తీసుకుపోయి మిల్లు నూలు చేతికిచ్చి మరో ఊరి మగ్గంమీద కూర్చోబెట్టండి, పొందూరు పంచె వస్తుందేమో చూద్దాం.

ఆపరేషను బల్లదగ్గర జరిగేది సగం కథే. మిగతా సగం వార్డులో, అందులోనూ రాత్రిపూట జరుగుతుంది. దీనిమీద 2009లో గఫేరి, బర్క్‌మయరు, డిమిక్ కట్టిన లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు. 84,730 మంది రోగుల్ని తీసుకుని, చావులు ఎక్కువగా వున్న ఆసుపత్రుల్నీ తక్కువగా వున్న ఆసుపత్రుల్నీ పక్కపక్కన పెట్టారు. చావులు తక్కువున్న చోట చిక్కులే రావేమో అనుకుంటాం కదా, మనలాంటి వాళ్ళం? చిక్కులు రెండుచోట్లా ఇంచుమించు సమానం: మంచి చోట నూటికి 26.9, చెడ్డ చోట 24.6. తేడా ఆ తరువాత వచ్చింది. పెద్ద చిక్కు వచ్చినవాళ్ళలో మంచి చోట నూటికి 12.5 మంది పోతే, చెడ్డ చోట 21.4 మంది పోయారు. ఆ బృందమే 2011లో క్లోమం, అన్నవాహిక, జీర్ణాశయం ఆపరేషన్లకు కేసుల సంఖ్య ప్రకారం చూసినా ఇదే తీరు. కుట్టు కారడం పెద్దాసుపత్రిలోనూ వుంది. కారిందని ముందుగా కనిపెట్టి మనిషిని లాక్కురావడంలో వుంది తేడా.

ఎవరు కనిపెడతారు? సర్జను ఆ వేళకు ఇంట్లో నిద్రపోతుంటాడు. రాత్రి రెండు గంటలకు నాడి తొంభై వుండవలసింది నూటపది వుందని చూసే నర్సు, పొట్టలోంచి వేసిన గొట్టంలో నీరు రంగు మారిందని లైటు వేసి చూసే నర్సు. అలాంటివాళ్ళను నలభైమందిని చూసివున్న నర్సు "జ్వరమే కదా, పొద్దున చూద్దాం" అనదు. ఆమె ఫోను చేస్తే విసుక్కోకుండా లేచే డాక్టరుండాలి, అర్ధరాత్రి స్కాను తియ్యాలి, సూదితోనే లోపలి చీము లాగేవాడుండాలి, బ్లడ్ బ్యాంకు తలుపు తెరిచివుండాలి. ఏడాదికొక కేసు వచ్చేచోట ఈ గొలుసులో ఏ లంకె వూడివుందో అవసరం వచ్చిందాకా ఎవరికీ తెలియదు. నర్సు ఒక్కతే ముప్పైమందిని చూస్తుంటే ఎంత తెలివైనదైనా ఏం చేస్తుంది? ఐకెన్ బృందం 2002లో పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్ని చూసి, ఒక్కొక్క నర్సుమీద ఒక్కొక్క రోగి అదనంగా పడిన కొద్దీ ఆపరేషను రోగులు పోయే అవకాశం నూటికి ఏడు చొప్పున పెరుగుతోందని చెప్పింది. మన వార్డులు చూసినవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

మూడోరోజు టౌను సర్జనుగారి దగ్గరికి అన్నయ్యనూ అల్లుణ్ణీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన పాతికేళ్ళుగా ఆ ఊళ్ళో వున్నారు, మా వాళ్ళలో సగంమంది పొట్టలు ఆయన కుట్టినవే. దారి పొడుగునా అల్లుడు నన్ను బతిమాలుతూనే వున్నాడు: "మావయ్యా, ఎన్ని చేశారని మాత్రం అడక్కండి, ఆయన ఏటనుకుంటారు?" నాకూ లోపల బెరుగ్గానే వుంది. పెళ్ళికొడుకు జీతమడుగుతాం, గేదె ఎన్ని శేర్లిస్తుందో రెండుపూటలా పిండి చూస్తాం, ప్రాణం అప్పగించేచోట మాత్రం మనకు ఎక్కడలేని మర్యాదా అడ్డొస్తుంది.

అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"నా సర్వీసు మొత్తంమీద నాలుగు చేశానండి," అన్నారు. "ఇద్దరున్నారు, ఇద్దరు పోయారు. పైత్యకోశంలో రాళ్ళంటే చెప్పండి, రేపు పొద్దున్నే చేస్తాను. ఇది మాత్రం నేను చెయ్యను."

అల్లుడు తన మధ్యేమార్గం ఎత్తాడు. ఆయన చిన్నగా నవ్వారు. "ఆదివారం ఆయనొచ్చి చక్కగా చేసి, సాయంకాలం కాఫీ తాగి వెళ్ళిపోతారు. గురువారం రాత్రి రక్తం పడితే మీరు పిలిచేది నన్ను. నేనేం చెయ్యాలి?" అని అక్కడికక్కడే విశాఖకు ఉత్తరం రాసి ఇచ్చారు. ఫీజు పుచ్చుకోలేదు.

మా వైపు జనం పెద్ద రోగమొస్తే విశాఖ పోవడం ఇవాళ పుట్టిన అలవాటు కాదు. 1923లో అక్కడ మెడికల్ కాలేజీ పెట్టి, కింగ్ జార్జి ఆసుపత్రి తెరిచిన నాటినుంచీ ఇచ్ఛాపురంనుంచి పార్వతీపురం దాకా, అటు కొరాపుట్, జయపురం దాకా రోగులకు దారి అదే. మా తాతల కాలంలో ఆముదాలవలసలో రైలెక్కించారంటే ఇంటిదగ్గర ఆడవాళ్ళు ఏడుపు మొదలెట్టేవారట. ఇప్పుడు మనకూ ఆసుపత్రులొచ్చాయి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్యకళాశాల 2008లో, విజయనగరంలో 2023లో మొదలయ్యాయి. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. డబ్బు సంగతికొస్తే, ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. అనంతపురం, మహబూబ్‌నగర్ మిగతా రెండు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది గాని కార్డు పట్టుకుని పెద్దాసుపత్రి మెట్లెక్కే ధైర్యం మాత్రం పేదవాడికి మిగిలింది.

కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో అడిగితే చెబుతారు. ఆ ఆసుపత్రిలో ఈ ఆపరేషను నిరుడు ఎన్ని చేశారు, ఎందరు ఇంటికెళ్ళారు అన్నది రోగి బంధువుకు ఎవరు చెబుతారు? ప్రతి కేసుకూ బిల్లు పంపందే ఆసుపత్రికి డబ్బు రాదు, అంటే ఆ లెక్క ఎక్కడో ఒక బీరువాలోనో కంప్యూటరులోనో వుండే వుండాలి. గోడమీద ఫీజుల పట్టిక వేలాడదీసినట్టు దీన్నీ వేలాడదీస్తే ఏం పోతుంది? హాలెండు దేశంలో ఏడాదికి 20కి తక్కువ చేసేచోట అసలు క్లోమం తల ముట్టుకోవద్దని నియమం పెట్టుకున్నారు.

ఇలా అంటే ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. అందరూ చెయ్యి తిరిగిన చోటికే పోతే కొత్త ఆసుపత్రికి చెయ్యి తిరిగేదెప్పుడు, మన జిల్లాలు ఎప్పటికీ రైలెక్కవలసిందేనా అని. కాదనను. పైగా ఎక్కువ చేయడంవల్ల మంచిదైందో, మంచిది కావడంవల్ల ఎక్కువమంది వస్తున్నారో చెప్పడం కష్టమని ఆ లుఫ్టే 1987లో మళ్ళీ రాశాడు. నాకు తోచిన జవాబిది: ఎక్కడ ఏ రోగం ఎక్కువో అక్కడి ఆసుపత్రి ఆ పనిలో చెయ్యి తిప్పుకోవచ్చు. ఉద్దానంలో కిడ్నీ రోగులకు కొరత లేదు, మన దౌర్భాగ్యంకొద్దీ. డయాలిసిస్ కోసం చేతి నరాలు కలిపి కుట్టే పనిలో పలాసలో పనిచేసేవాళ్ళకు దేశంలో ఎవరికీ తీసిపోని అలవాటు రాగలదు, డాక్టర్లను అక్కడ నిలబెట్టగలిగితే. మొత్తం జిల్లాకు ఏడాదిలో కాసిని వచ్చే క్లోమం కేసుల్ని మాత్రం నాలుగు ఆసుపత్రులు పంచుకుంటే నలుగురికీ చెయ్యి తిరగదు. విపుల్ మహాశయుడు జన్మంతా కలిపి చేసినవి 37 అంటారు. అమెరికాలోనే కామెరన్ అనే సర్జను 1969నుంచి 2003లోపు వరసగా వెయ్యి చేశాడు, నూటికి ఒకరు మాత్రమే పోయారు. సామెతలో వెయ్యి ఆయన దగ్గర తిరగబడింది చూశారా!

సరే, అన్నయ్య సంగతి. నౌపడలో రైలెక్కించాం. విశాఖలో ఏ ఆసుపత్రో ఇక్కడ రాయను, రాస్తే రేపటినుంచి మీ ఉత్తరాలకు జవాబులివ్వలేను. కార్డు చెల్లింది. అయినా వదినా కొడుకూ నెలరోజులు అద్దెగదిలో వుండి తిన్న ఖర్చుకు పాడి గేదె పోయింది. ఆపరేషను తొమ్మిది గంటలు పట్టింది. ఐదోరోజు రాత్రి వదిన వార్డు బయట వరండాలో పడుకునివుంటే లోపల హడావిడి వినిపించిందట. కేరళ పిల్ల, తెలుగు సగమే వచ్చిన నర్సు, గొట్టంలో నీరు చూసి డాక్టర్ని లేపింది. తెల్లవారేలోగా స్కాను తీసి, సూదితో మరో గొట్టం వేశారు. మళ్ళీ పొట్ట కొయ్యలేదు.

ఒక్క అన్నయ్య బతికాడని ఏ లెక్కా రుజువు కాదు. మరోచోట మరో అన్నయ్య చిన్న నర్సింగు హోములోనే బతికి వుండవచ్చు, పెద్దాసుపత్రిలో నూటికి ఆ నలుగురిలో ఒకడు మనవాడే అయివుండవచ్చు. గడ్డ మంచిది కాదని రిపోర్టు వచ్చింది, ఇంజక్షన్లు ఇంకా నడుస్తున్నాయి. రోజుకు ఆరుసార్లు పిడికెడు పిడికెడు తింటున్నాడు.

ఇరవైఎనిమిదో రోజున ఇంటికి పంపుతూ, కుట్లు విప్పడానికీ రక్తపరీక్షలకూ ఇంతదూరం రానక్కర్లేదు, మీ ఊళ్ళో చూపించుకోండన్నారు. కుట్లు మన టౌను సర్జనుగారే విప్పారు. విప్పుతూ ఆ పొడుగాటి గాయాన్ని రెండు నిమిషాలు తేరిపార చూసి, "బాగా కుట్టారయ్యా," అన్నారట. ఈసారీ ఫీజు పుచ్చుకోలేదు. వదిన ఊరుకోక, గేదె పోయాక ఇంట్లో మిగిలిన పాత నెయ్యి చెంబెడు పట్టుకెళ్ళి ఆయన ఇంట్లో ఇచ్చి వచ్చింది.